తాళం వేసిన ఈసీఎంను చదివి, తిరిగి రాసే పద్ధతి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వీధుల్లో నిలిపి ఉన్న కార్లు సీట్ల దాకా మునిగాయి. నీళ్లు తీసిన తరువాత వాటిలో చాలా బండ్లు విజయవాడ జవహర్ ఆటోనగర్ షెడ్లకు చేరాయి. ఆయిలు, ఫిల్టర్లు మార్చి, సీట్లు ఎండబెట్టి, బ్యాటరీ కొత్తది పెట్టినా స్టార్టు కాని బండ్లు నా బల్ల దాకా వచ్చేవి. వాటిలో నేను మళ్లీ మళ్లీ చూసిన రోగం ఒక్కటే: ఇంజనును నడిపే ఈసీఎం డబ్బాలోకి బురదనీరు దిగి, కనెక్టరు పిన్నులకు చిలుము పట్టి, బోర్డు సగం ప్రాణంతో మిగలడం. యజమానులు అడిగిన మాట కూడా ఒక్కటే. “ఏమండీ, పాత డబ్బా పక్కన పెట్టేసి అదే నంబరున్న సెకండ్‌హ్యాండ్ డబ్బా తగిలిస్తే సరిపోదా?”

సరిపోదు. డబ్బా మీది నంబరు ఒకటే అయినా లోపలి సమాచారం ఆ ఒక్క బండికే చెందినది. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ సంకేతం, 17 అక్షరాల ఛాసిస్ నంబరు, డీజిల్ బండి అయితే ఇంధనం చిమ్మే ఒక్కో ఇంజెక్టరుకు విడిగా ఇచ్చిన దిద్దుబాటు కోడ్, ఇంజను నడుస్తూ నేర్చుకున్న విలువలు, ఇవన్నీ పాత డబ్బాలోనే ఉంటాయి. వాటిని పాతదానిలోంచి చదివి కొత్తదానిలో రాయాలి. తయారీదారు మాత్రం ఆ డబ్బాకు బయటివాళ్లు చదవకుండా తాళం వేసి పంపుతాడు. ఆ తాళం ఎలాంటిది, దానితో ఎలా వ్యవహరించాలి, ఎక్కడ చేయి ఆపాలి అన్నదే ఈ వ్యాసం. రాయడం పది నిమిషాల పని. చదివినది నిజంగా సరైనదని తేల్చుకోవడమే అసలు పని. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

పనికి ముందు ఒక మాట స్పష్టం చేయాలి. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు చూసి, వాటి నకళ్లు తీసుకుని, పని ఏమిటో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్న తరువాతే డబ్బా విప్పాలి. ఇమ్మొబిలైజర్ సమాచారం ఉన్న ఫైలంటే ఇంటి తాళంచెవి లాంటిదే. యజమాని ఎదురుగా లేకుండా ఒంటరి డబ్బాను తెచ్చి “చదివి పెట్టు అన్నా” అనే మనిషిని నేను గుమ్మం దగ్గరే పంపించేస్తాను. అలాగే పొగ వడపోసే డీపీఎఫ్‌ను, పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్‌ను సాఫ్ట్‌వేరులో మాయం చేసే పని ఈ వ్యాసంలో లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని అడ్డుకుంటుంది, కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం పొగ పరిమితులను నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలులోకి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఆ పరికరాలు లేకపోతే ఇంజను లెక్కలన్నీ తప్పుతాయి కూడా.

డబ్బాలో ఏముంది, తాళం ఎక్కడుంది

ఈసీఎం అంటే అల్యూమినియం మూత కింద ఒక మైక్రోకంట్రోలరు, దాని చుట్టూ ఇంజెక్టర్లను, రిలేలను నడిపే డ్రైవర్ చిప్పులు. మన రోడ్ల మీద తిరిగే డీజిల్ బండ్లలో బాష్ సంస్థ ఈడీసీ 16, ఈడీసీ 17 తరాల డబ్బాలు చాలా ఉన్నాయి. ఈడీసీ 16లో మోటరోలా ఎంపీసీ 500 వరుస కంట్రోలరు ఉంటుంది, తాళంచెవి వివరాలు పక్కనే ఎనిమిది కాళ్ల ఈప్రామ్ చిప్పులో విడిగా ఉంటాయి. ఈడీసీ 17లో ఎక్కువగా ఇన్ఫినియాన్ ట్రైకోర్ వస్తుంది. ప్రోగ్రాము ఉండే పీ-ఫ్లాష్, మారే సమాచారం ఉండే డీ-ఫ్లాష్ రెండూ ఆ ఒక్క చిప్పులోనే ఇమిడి ఉంటాయి. టీసీ 1767 చిప్పులో పీ-ఫ్లాష్ 2 మెగాబైట్లు, టీసీ 1797లో 4 మెగాబైట్లు, రెండింటిలోనూ డీ-ఫ్లాష్ 64 కిలోబైట్లు. ఈ అంకెలు గుర్తుంచుకోండి, కాసేపటిలో పనికొస్తాయి.

తాళం అనే ఒక్క మాట కింద నిజానికి మూడు వేర్వేరు అడ్డంకులు ఉన్నాయి. వాటిని కలగలిపి చూడటం వల్లనే కొత్తవాళ్లు గంటల తరబడి తప్పు తలుపు తడుతుంటారు.

మొదటిది స్టీరింగు కింద ఉండే, లోపాలు చదివే స్కానరును తగిలించే ఓబీడీ సాకెట్ దారిలోని తాళం. స్కానరు, ఈసీఎం యూడీఎస్ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. దాని ప్రమాణం ఐఎస్ఓ 14229. స్కానరు ముందుగా 10వ సర్వీసుతో ప్రోగ్రామింగు స్థితి కోరుతుంది, తరువాత 27వ సర్వీసుతో లోపలికి అనుమతి అడుగుతుంది. ఈసీఎం ఒక యాదృచ్ఛిక సంఖ్యను ఇస్తుంది, దానికి సరైన జవాబు లెక్కగట్టి పంపితేనే తలుపు తెరుచుకుంటుంది. జవాబు తప్పితే 35 అనీ, ప్రయత్నాలు మించితే 36 అనీ, ఇంకా వేచి ఉండాల్సిన సమయం పూర్తికాకపోతే 37 అనీ తిరస్కార కోడ్ వస్తుంది. తెర మీద 36గాని 37గాని కనిపించినప్పుడు మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల ప్రయోజనం లేదు. ఇగ్నిషను ఆన్‌లోనే ఉంచి, టీ తాగి వచ్చి, అప్పుడు ఒక్కసారి ప్రయత్నించాలి. ఇంకొక సంగతి: ఈ తలుపు తెరిచినా చాలా డబ్బాలు రాయడానికే ఒప్పుకుంటాయి, చదవనివ్వవు.

రెండవది కంట్రోలరు చిప్పు తనకు తాను వేసుకున్న తాళం. ట్రైకోర్ చిప్పుల్లో ఫ్లాష్‌ను చదవకుండా, రాయకుండా ఆపే పాస్‌వర్డులు ఉంటాయి, అవి ఒక్కో డబ్బాకు ఒక్కోలా ఉంటాయి. బల్ల మీద నేరుగా చిప్పుతో మాట్లాడే టూల్ ముందుగా ఆ పాస్‌వర్డును రాబట్టి, ఆ తరువాతే మెమొరీని చదువుతుంది. అందుకే టూల్ ఇచ్చే పాస్‌వర్డు ఫైలును మెమొరీ ఫైళ్లతో పాటే దాచాలి. అది పోతే తరువాత అదే డబ్బాతో మళ్లీ మొదటి నుంచీ కుస్తీ పట్టాలి.

మూడవది సంతకం. రాసిన ప్రోగ్రాములో ఒక్క బైటు మారినా, తయారీదారు రహస్య కీతో వేసిన ఆర్‌ఎస్‌ఏ అనే డిజిటల్ సంతకం సరిపోక, కరెంటు ఇవ్వగానే ముందుగా నడిచే బూట్‌లోడరు దాన్ని నడపడానికి నిరాకరిస్తుంది. మనం చేసేది ఒక డబ్బాలోది ఉన్నది ఉన్నట్టు ఇంకొక డబ్బాలోకి దించడమే కాబట్టి ఈ తాళం మనకు అడ్డు రాదు. ఎంతో మంది భయపడే తాళమే మన పనిలో అసలు తగలదు. అయితే ఈ మధ్య వచ్చిన ఎండీ 1, ఎంజీ 1 తరం డబ్బాల్లో హెచ్‌ఎస్‌ఎం అనే విడి భద్రతా భాగం ఉంటుంది, దానిలోని కీలు బయటకు రావు. అలాంటి డబ్బాను పూర్తిగా నకలు తీయడం కుదురుతుందో లేదో టూల్ తయారీదారు పట్టికలో ఆ నంబరు ఎదురుగా చూసుకున్న తరువాతే యజమానికి మాట ఇవ్వాలి. కుదరదని ఉంటే అధీకృత సర్వీసు కేంద్రంలో కొత్త డబ్బాకు కోడింగు చేయించడమే మార్గం.

ఈ మూడూ తయారీదారు వేసినవి. నాలుగోది మనవాళ్లు వేసేది. గుంటూరులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న ఒక డీజిల్ కారును పోయిన ఏడాది నా దగ్గరికి తెచ్చారు. అంతకుముందు ఎవరో దాన్ని రీమ్యాప్ చేసి, అంటే ఇంజను ప్రోగ్రాములోని లెక్కలు మార్చి, వేరే టూల్ చదవకుండా తమ టూల్ పాస్‌వర్డుతో బిగించేశారు. ఓబీడీ దారిలో నా టూల్ ఎంతో మర్యాదగా “చదవడం పూర్తయింది” అంది. తీరా చూస్తే అది ఈసీఎంలోంచి చదివినది కాదు, సాఫ్ట్‌వేరు నంబరును బట్టి సర్వరు నుంచి దింపిన కంపెనీ ఫైలు. దీన్ని వర్చువల్ రీడ్ అంటారు. ఆ ఫైలు అసలుదనుకుని భద్రపరిచేవాళ్లు బండిలో నిజంగా ఉన్నదాన్ని ఎప్పుడూ చూడలేదన్న మాట. నకలు తీసే పనికి వర్చువల్ రీడ్ ఎందుకూ పనికిరాదు. డీ-ఫ్లాష్ అందులో ఉండదు గదా.

బల్ల మీద ఏమేం ఉండాలి

డబ్బా రకాన్ని బట్టి టూల్ ఎంచుకోవాలి. డబ్బా స్టిక్కరు మీద బాష్ నంబరు 0281తో మొదలైతే డీజిల్, 0261తో మొదలైతే పెట్రోలు; 1037తో మొదలయ్యేది సాఫ్ట్‌వేరు నంబరు. ఈ రెండు నంబర్లూ, చిప్పు పేరూ ముందుగా ఫోటో తీసి, టూల్ జాబితాలో ఆ డబ్బాకు ఓబీడీ, బెంచ్, బూట్ అనే మూడు పద్ధతుల్లో ఏది ఉందో చూడాలి. ఓబీడీ అంటే బండిలోంచే. బెంచ్ అంటే డబ్బా విప్పకుండా కనెక్టరు పిన్నులకు తీగలు తగిలించి. బూట్ అంటే మూత తీసి, బోర్డు మీద ఒక బిందువును నిర్దేశించిన చోట తాకించి చిప్పును బూట్‌స్ట్రాప్ స్థితిలోకి తేవడం. మునిగిన బండికి నేనెప్పుడూ బెంచ్‌నే ఎంచుకుంటాను, అది కుదరకపోతేనే బూట్. ఇటలీకి చెందిన ఏలియన్‌టెక్ వారి కెస్ 3 వంటి అసలు టూళ్లకు డబ్బులు గట్టిగానే పెట్టాలి. వాటికి దొరికే చవక నకళ్లతో పని జరగదని అనను, జరిగినప్పుడు జరుగుతుంది. కాని మధ్యలో ఆగిపోయినప్పుడు అడగడానికి అవతల మనిషి ఉండడు, ఆగిపోయిన డబ్బా మాత్రం మీ బల్ల మీదే ఉంటుంది.

కరెంటు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే విజయవాడ వేసవిలో షెడ్డు లైను వోల్టేజీ ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. బల్ల మీద పనికి వోల్టేజీ, కరెంటు రెండూ అమర్చుకోగల డీసీ సప్లై కావాలి. 13 వోల్టుల దగ్గర పెట్టి, మొదటిసారి కరెంటు పరిమితి 2 ఆంపియర్ల వద్ద ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న ఒంటరి ఈసీఎం ఇగ్నిషను ఇచ్చినప్పుడు సాధారణంగా ఒక ఆంపియరు లోపే తీసుకుంటుంది. ముల్లు ఒక్కసారిగా పరిమితిని తాకిందంటే బోర్డులో షార్ట్ ఉన్నట్టే, వెంటనే కట్టేయాలి. సప్లైకి, ల్యాప్‌టాప్‌కు మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ తప్పనిసరి. బండిలోనే రాయాల్సి వస్తే ఇది చాలదు. బండి బ్యాటరీకి కనీసం 30 ఆంపియర్లు స్థిరంగా ఇవ్వగల సప్లై తగిలించాలి, ఎందుకంటే రాసే సమయంలో కొన్ని కార్లలో రేడియేటరు ఫ్యాను తనంతట తానే పూర్తి వేగంతో తిరుగుతుంది. మామూలు బ్యాటరీ ఛార్జరు ఈ పనికి వాడకూడదు, దాని వోల్టేజీలో ఊగిసలాట ఎక్కువ.

ల్యాప్‌టాప్‌లో నిద్రావస్థ, విండోస్ అప్‌డేట్లు ఆపేయండి. యూఎస్‌బీ కేబులు పొట్టిగా, గట్టిగా ఉండాలి. కాలు తగిలి ఊడేలా నేల మీద వేలాడకూడదు. ఇవి చెప్పనవసరం లేని సంగతులని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది.

మునిగిన డబ్బాను సిద్ధం చేయడం

నీరు చూసిన డబ్బాకు “ఒకసారి చూద్దాం” అని కరెంటు ఇవ్వకండి. తడి మీద వోల్టేజీ పడితే రాగి దారులు నిమిషాల్లో తినేసుకుపోతాయి. హీట్ గన్‌తో మూత అంచు చుట్టూ నెమ్మదిగా వేడి చేసి, పాత జిగురు మెత్తబడిన తరువాత పలుచని ప్లాస్టిక్ పనిముట్టుతో తెరవాలి. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే బోర్డు వంగి, చిప్పు కాళ్ల కింద టంకం పగులుతుంది. బురద ఉంటే ముందు డిస్టిల్డ్ వాటరుతో, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తని బ్రష్షు పెట్టి కడగాలి. మన కుళాయి నీటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి అది వాడకూడదు. ఎండలో పెట్టడం కంటే సుమారు 60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టడం మంచిది. ఆరిన తరువాత మల్టీమీటరుతో సప్లై పిన్నుకూ గ్రౌండుకూ మధ్య నిరోధం చూసి, షార్ట్ లేదని తేలితేనే ముందుకు వెళ్లాలి.

తీగలు తగిలించేటప్పుడు టూల్ ఇచ్చిన పిన్నుల బొమ్మను ఆ డబ్బా హార్డ్‌వేరు నంబరుతో సరిచూసుకోండి. ఒకే రకం కనెక్టరు ఉన్న రెండు డబ్బాల్లో పిన్నులు వేరుగా ఉండవచ్చు. స్థిర ప్లస్, ఇగ్నిషను ప్లస్, గ్రౌండు, బండిలోని డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను తీగలు రెండు (క్యాన్-హై, క్యాన్-లో), ఈ ఐదూ అన్నింటికీ కావాలి. టూల్ బొమ్మ అడిగితే మరి రెండు తీగలు చేరతాయి. బండిలో క్యాన్ లైను రెండు చివర్లా 120 ఓముల నిరోధకాలు ఉంటాయి కాబట్టి, బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓములు వస్తుంది. బల్ల మీద డబ్బా ఒంటరిగా ఉన్నప్పుడు 120 వస్తుంటే ఇంకో 120 ఓముల నిరోధకాన్ని క్యాన్ తీగల మధ్య పెట్టండి. దీన్ని మరిచిపోయి “టూల్ కనెక్ట్ కావడం లేదు” అని ఫోను చేసినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

చదవడం

ముందుగా గుర్తింపు మాత్రమే అడగండి. తెర మీద వచ్చిన హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు నంబర్లు స్టిక్కరుతో కలవాలి. సాఫ్ట్‌వేరు నంబరు తేడాగా ఉంటే సర్వీసులో ఎప్పుడో అప్‌డేట్ చేసి ఉండవచ్చు, అది దోషం కాదు, రాసిపెట్టుకుంటే చాలు. హార్డ్‌వేరు నంబరు తేడా వస్తే మాత్రం ఆగి, స్టిక్కరు మార్చిన డబ్బా కాదు గదా అని చూడాలి.

తరువాత డీ-ఫ్లాష్‌ను, బోర్డు మీద విడి ఈప్రామ్ ఉంటే దాన్ని, ముందు చదవండి. చాలామంది పెద్ద ఫైలైన పీ-ఫ్లాష్‌తో మొదలుపెడతారు. నేను అలా చేయను. పీ-ఫ్లాష్ అదే సాఫ్ట్‌వేరు నంబరున్న ఇంకో డబ్బాలోనైనా దొరుకుతుంది, డీ-ఫ్లాష్ మాత్రం ఈ లోకంలో ఈ ఒక్క డబ్బాలోనే ఉంది. నీట మునిగిన బోర్డు ఎప్పుడు చివరి శ్వాస తీసుకుంటుందో తెలియదు కాబట్టి, పోతే తిరిగి రానిదాన్ని ముందు బయటకు తెచ్చుకోవాలి. చిన్నది కాబట్టి త్వరగానే వస్తుంది. తరువాత పీ-ఫ్లాష్, చివర పాస్‌వర్డు ఫైలు భద్రపరచడం.

ఇక అసలు పని. ఫైలు వచ్చిందని టూల్ చెప్పడం, ఫైలు సరైనదని అర్థం కాదు. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను ఒక డీ-ఫ్లాష్‌ను ఒక్కసారే చదివి, పచ్చటిక్కు చూసి సంతోషించి, దాన్ని కొత్త డబ్బాలో రాసేశాను. బండి స్టార్టు కాలేదు. ఫైలు తెరిచి చూస్తే సగం నుంచి చివరి దాకా ఖాళీ మెమొరీని సూచించే ఎఫ్‌ఎఫ్ తప్ప ఏమీ లేదు. బూట్ తీగ టంకం వదులై, మధ్యలో సంబంధం తెగింది. మళ్లీ చదువుదామని పాత బోర్డుకు కరెంటు ఇస్తే అప్పటికి అది పూర్తిగా చచ్చిపోయింది. ఆ యజమానికి అధీకృత కేంద్రంలో కొత్త డబ్బా వేయించే ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి కింద చెప్పే పరీక్షలు చేయకుండా పాత డబ్బా తీగలు ఊడదీయడం లేదు.

మొదట సైజు చూడండి. 2 మెగాబైట్ల పీ-ఫ్లాష్ సరిగ్గా 20,97,152 బైట్లు, 4 మెగాబైట్లది 41,94,304 బైట్లు, 64 కిలోబైట్ల డీ-ఫ్లాష్ 65,536 బైట్లు ఉండాలి. కొన్ని టూళ్లు తమ సొంత రూపంలో ఫైలును చుట్టి ఇస్తాయి, అప్పుడు లెక్క తప్పుతుంది. అలాంటి చోట విడి బైనరీగా ఎగుమతి చేసి చూడాలి. తరువాత హెచ్‌ఎక్స్‌డీ వంటి హెక్స్ ఎడిటరులో తెరిచి పైనుంచి కిందికి జరపండి. ఖాళీ చోట ఎఫ్‌ఎఫ్ లేదా 00 ఉండటం సహజమే, కాని ఫైలులో పెద్ద భాగం అలాగే ఉన్నా, ఒకే ముక్క అచ్చంగా మళ్లీ మళ్లీ వస్తున్నా చదవడం తప్పిందని అర్థం. ఆ తరువాత అక్షరాల గడిలో ఛాసిస్ నంబరు వెతకండి. మారుతి బండ్లకు ఎంఏ3, హ్యుందాయ్‌కు ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ, మహీంద్రాకు ఎంఏ1 అని మొదలయ్యే నంబర్లు ఉంటాయి. ఆర్సీలోని 17 అక్షరాలతో ఒక్కొక్కటీ పోల్చాలి. కొన్ని డబ్బాల్లో ఇది గూఢంగా ఉంటుంది కాబట్టి కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు, కాని కనిపించిన నంబరు వేరే బండిదైతే యజమానిని కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే.

చివరిగా, డబ్బాకు కరెంటు పూర్తిగా తీసి, మళ్లీ ఇచ్చి, మొత్తం రెండోసారి చదివి రెండు ఫైళ్లను పోల్చండి. విండోస్‌లోని సర్ట్‌యూటిల్‌తో రెండింటి షా-256 విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, తీసి పోల్చినా చాలు. పీ-ఫ్లాష్ రెండుసార్లూ ఒక్క బైటు తేడా లేకుండా ఉండాలి. డీ-ఫ్లాష్‌లో మాత్రం డబ్బా మధ్యలో మేలుకుని కొత్త తప్పు కోడ్ ఒకటి రాసుకుని ఉంటే కొన్ని బైట్లు మారవచ్చు. తేడాలు ఒకే చోట గుంపుగా ఉంటే భయం లేదు, ఫైలంతటా అక్కడక్కడ చల్లినట్టు ఉంటే తీగలు సరిచేసి మూడోసారి చదవాలి. ఫైళ్లను బండి నంబరు, తేదీ, సాఫ్ట్‌వేరు నంబరుతో పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉంచండి.

రాయడం

సెకండ్‌హ్యాండ్ డబ్బా కొనేటప్పుడు హార్డ్‌వేరు నంబరు చివరి అంకె దాకా కలవాలి. “ఇది కూడా అదే మోడలండీ, నడుస్తుంది” అనే భరోసా మీద కొనకండి. తెచ్చిన డబ్బాను కూడా పైన చెప్పినట్టే మొత్తం చదివి, దాని పాస్‌వర్డుతో సహా దాచండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి. తరువాత టూల్‌లో నకలు లేదా క్లోన్ అనే విధానం ఉంటే దాన్నే ఎంచుకోండి. పాస్‌వర్డు డబ్బా డబ్బాకూ వేరు కాబట్టి ఏ భాగం దింపాలో, ఏది వదలాలో ఆ విధానానికి తెలుస్తుంది. ఫైలు చెడలేదని తేల్చే లెక్కైన చెక్‌సమ్‌ను సరిచేయమంటారా అని అడిగితే వద్దనండి. మనం ఏమీ మార్చలేదు, మార్చని ఫైలులో చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది. అది తప్పుగా ఉందని టూల్ అంటే సరిచేయాల్సింది చెక్‌సమ్‌ను కాదు, మీరు చదివిన విధానాన్ని.

రాయడం మొదలైన తరువాత తెర ఎంతసేపు కదలకపోయినా చేయి పెట్టకండి. ఫ్లాష్‌ను చెరిపేటప్పుడు ఈసీఎం ఆలస్యం చేస్తుంది. యూడీఎస్‌లో 78 అనే జవాబుకు “పని జరుగుతోంది, ఆగు” అని అర్థం. మధ్యలో నిజంగానే తెగిపోతే ఇగ్నిషను తీయకుండా మరోసారి రాయడానికి ప్రయత్నించండి. బూట్‌లోడరు భాగం చెక్కుచెదరకుండా ఉంటే డబ్బా మళ్లీ అందుకుంటుంది. అదీ కుదరకపోతే బూట్ పద్ధతిలో మొత్తం తిరిగి రాయవచ్చు, చేతిలో పూర్తి ఫైళ్లు ఉన్నాయి గదా. రాసిన తరువాత ఒకసారి తిరిగి చదివి, రాసిన ఫైలుతో పోల్చడం మరువకండి.

బండిలో పెట్టిన తరువాత

మూతకు పాత జిగురు పూర్తిగా గీకి, ఎలక్ట్రానిక్స్‌కు పనికొచ్చే న్యూట్రల్ సిలికాన్ రాసి మూయాలి. పుల్లని వాసన వచ్చే రకం రాగిని తింటుంది. డబ్బాకు గాలి పీల్చే చిన్న పొర ఉంటే దాన్ని సిలికాన్‌తో కప్పేయకూడదు. బండి వైపు కనెక్టరును కూడా అంతే శ్రద్ధగా శుభ్రం చేయకపోతే కొత్త డబ్బాకు పాత రోగమే వస్తుంది.

ఇగ్నిషను ఇవ్వగానే తాళంచెవి గుర్తు దీపం వెలిగి ఆరిపోవాలి, మినుకుమంటూ ఉండిపోతే డీ-ఫ్లాష్ సరిగ్గా దిగలేదు. స్కానరులో పాత కోడ్లన్నీ చెరిపి, తిరిగి చూడండి. పీ0601, పీ0602, పీ0605, పీ0606లలో ఏది తిరిగి వచ్చినా అది సెన్సరు గొడవ కాదు, మెమొరీది లేదా ప్రాసెసరుది. బల్ల మీదికి వెనక్కి తేవాలి. ఇంజెక్టరు కోడ్లను ఇంజెక్టరు తలల మీద చెక్కిన అక్షరాలతో పోల్చండి. డెల్ఫీ కంపెనీ ఇంజెక్టర్లైతే 16 లేదా 20 అక్షరాలుంటాయి, తప్పు చదవడానికి తేలిక కాబట్టి ఇద్దరు చూడటం మంచిది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే లైవ్ డేటాలో కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజను పీల్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటిగా ఉన్నాయో లేదో చూడాలి. గాలి పీడనం చూడటం నా అలవాటు: విజయవాడ సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు కాబట్టి ఇంజను ఆగి ఉన్నప్పుడు 1000 మిల్లీబార్ల చుట్టుపక్కల చూపించాలి. 950 చూపిస్తే డబ్బాలోని పీడన సెన్సరుకు నీరో సిలికానో అడ్డుపడి ఉంటుంది.

అప్పుడు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి 16 మీద ఎనికేపాడు దాటి గన్నవరం దాకా వెళ్లి రండి. వెళ్లేటప్పుడు ఏసీ వేసి, వచ్చేటప్పుడు లేకుండా, కొంత దూరం మూడో గేరులో గట్టిగా లాగించి, తిరిగి వచ్చాక ఇంకోసారి స్కాన్ చేయాలి. ఇంకా ఖాయం కాని పెండింగు కోడ్లు కూడా ఖాళీగా ఉంటే బిల్లు రాయవచ్చు. మెమొరీ ఫైళ్లున్న పెన్‌డ్రైవును, పాత డబ్బాను యజమానికే ఇవ్వండి. ఇచ్చే ముందు పాత డబ్బా మూత మీద చెరగని ఇంకుతో బండి నంబరు, తేదీ, “నీట మునిగినది, వాడరాదు” అని రాయండి. రాయకపోతే ఏదో ఒక రోజు ఎవరో దాన్ని తుడిచి, మెరిపించి, మంచి ధరకు ఇదే ఆటోనగర్‌లో మీకే అమ్ముతారు.